హెడర్ లీకుకి ఇంజన్ దించాల్సిందేనా? (లోటస్ సెవెన్ తరహా చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కారు, బెంగళూరు)

కోరమంగళ_కిట్:
గొట్టాల ఛాసీ, జిప్సీ 1.3 లీటర్ 16 వాల్వ్ ఇంజన్. హెడర్ (ఇంజన్ పొగ బయటికి తెచ్చే పైపుల గుత్తి) 304 స్టెయిన్‌లెస్, నాలుగు పైపులు ఒకదాంట్లో కలిసే రకం, దాన్ని ఇంజన్ హెడ్‌కి బిగించే ప్లేటు, అంటే ఫ్లాంజ్, మందం 6 మి.మీ. పైపులు పక్క ప్యానెల్లోంచి బయటికొస్తాయి, సైలెన్సర్ ఛాసీకి రెండు క్లాంపులతో గట్టిగా బిగించి ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే నాలుగో పోర్టు (హెడ్‌లోంచి పొగ బయటికొచ్చే రంధ్రం) దగ్గర టిక్ టిక్ శబ్దం. వేడెక్కాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఫ్లాంజ్ కింది అంచున మసి. కొత్త గ్యాస్కెట్ వేసినా అంతే. ఫ్లాంజుకీ ఛాసీ గొట్టానికీ మధ్య 40 మి.మీ. సందు, స్టీరింగ్ షాఫ్ట్ కూడా అందులోంచే పోతుంది. ఇంజన్ దించి ఫ్లాంజ్ మొహం మిల్లింగ్‌తో చదును చేయించమని ఒక మెకానిక్, రాగి రంగు సిలికాన్ పూసి బిగిస్తే చాలని ఇంకొకాయన. ట్రాక్ కారే, ట్రైలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్తుంది. ఏం చేయమంటారు?

జేసీరోడ్డు_పానా:
ఇంజన్ దించొద్దు బ్రదర్. ఈ పనికి అంత అవసరం లేదు. రేడియేటర్ హోసులు, వైరింగ్, క్లచ్ కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ విప్పి మళ్లీ కట్టేటప్పుడు కొత్తగా రెండు లీకులు తెచ్చుకుంటారు. గ్రాఫైట్ గ్యాస్కెట్, లోపల స్టీలు రేకున్నది, తీసుకోండి. దానికి రెండు వైపులా రాగి సిలికాన్ పలచగా, వేలితో తుడిచినంత పలచగా పూసి, చేతి బిగువు వరకు నట్లు వేసి గంట ఆగి, అప్పుడు టార్క్ (కొలిచిన బిగువు) పెట్టండి. రాత్రంతా వదిలేసి పొద్దున స్టార్ట్ చేయండి. చిన్నచిన్న వంకరలు గ్రాఫైటే మింగేస్తుంది.

పీన్య_మిల్లింగ్:
పైన చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటాను. సిలికాన్ ట్యూబుల మీద సాధారణంగా 340 నుంచి 370 డిగ్రీలే రాసి ఉంటుంది. ట్రాక్ మీద ఫుల్ థ్రాటిల్లో పోర్టులోంచి వచ్చే గ్యాసు 800 డిగ్రీలు దాటుతుంది. గ్యాసు తగిలిన చోట సిలికాన్ మాడి పొడైపోతుంది, ఆ సందులోంచే మళ్లీ లీకు మొదలవుతుంది. సెన్సార్‌కి పడని రకం సిలికానైతే దాని ఆవిరికి లాంబ్డా సెన్సార్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) కూడా పాడవుతుంది.

అసలు జబ్బు 6 మి.మీ. ఫ్లాంజ్. వెల్డింగ్ వేడికి అది అరటికాయలా వంగుతుంది, చివర్లు పైపుల వైపుకి లాగేసుకుంటాయి. అందుకే మొదట కారేది ఒకటో పోర్టో నాలుగో పోర్టో అవుతుంది. హెడర్ బయటికి తీసి, స్టీలు స్కేలు నిలువుగా ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి చూడండి. 0.1 మి.మీ. రేకు దూరితే గ్యాస్కెట్ సర్దుకుంటుంది. 0.2 దూరితే ఫేసింగ్ (మొహం చదును) చేయించక తప్పదు. 0.5 దూరితే ఆ ఫ్లాంజ్ పారేసి 10 మి.మీ. ప్లేటులో కొత్తది లేజర్ కట్ చేయించండి. పీన్య పారిశ్రామికవాడలో డ్రాయింగ్ ఫైలిస్తే కోసిస్తారు. వెల్డింగ్ చేసేటప్పుడు పాత హెడ్‌కో 20 మి.మీ. ప్లేటుకో బోల్టులతో బిగించి పెట్టాలి. పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద విప్పేస్తే ఆ బిగించిన శ్రమంతా వృథా.

టిగ్_టార్చ్_ఇందిరానగర్:
ఇద్దరూ ఫ్లాంజ్ మొహమే చూస్తున్నారు. ఆయన పోస్టులో అసలు మాట "సైలెన్సర్ ఛాసీకి గట్టిగా బిగించి" అన్నది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, సైలెన్సర్ కదలదు. యాక్సిలరేటర్ తొక్కి వదిలిన ప్రతిసారీ మధ్యలో ఉన్న హెడర్ రెంచిలా పనిచేసి ఫ్లాంజ్‌ని హెడ్ మీంచి పెకిలిస్తుంది. ఎంత చదును చేసినా, ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా నెలలో మళ్లీ కారుతుంది.

విప్పకముందే చేయగలిగిన పరీక్ష ఉంది. పైసా ఖర్చు లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ క్లాంపులు రెండూ వదులు చేసి, దాని కింద చెక్క ముక్క పెట్టి బరువు ఆనించండి. తర్వాత హెడర్ నట్లన్నీ నాలుగు చుట్లు వదులు చేయండి. ఇప్పుడు ఫ్లాంజ్ ఎటు పోయింది? హెడ్‌కి సమాంతరంగా నిలబడి, సైలెన్సర్ కూడా జరగకపోతే పైపు లాగడం లేదు, తప్పు ఫ్లాంజ్‌దే. నాలుగో పోర్టు వైపు నోరు తెరిస్తేనో, సైలెన్సర్ క్లాంపు రంధ్రాలు ఛాసీ రంధ్రాలకు 5 మి.మీ. అటో ఇటో పోతేనో, ఇన్నాళ్లూ పైపుని బలవంతంగా కూర్చోబెట్టి బిగించారన్నమాట.

పీన్య_మిల్లింగ్:
ఆ పరీక్ష మంచిదే, కాదనను. కానీ మసి కింది అంచున ఉంది. పైపు కిందికి లాగితే నోరు తెరుచుకోవాల్సింది పై అంచు కదా?

టిగ్_టార్చ్_ఇందిరానగర్:
బరువు వేలాడుతుంటే మీరన్నది నిజం. ఇక్కడ సైలెన్సర్ వేలాడటం లేదు, ఛాసీకి కట్టేసి ఉంది. క్లాంపు పైపుని పైకి ఎత్తిపెడితే కింది అంచే తెరుచుకుంటుంది. పక్కకి పైపులొచ్చే కార్లలో స్పీడ్ బ్రేకర్లకు సైలెన్సర్ గీరుకుంటోందని దాన్ని పైకి ఎత్తి కట్టేస్తుంటారు, అదీ ఒక కారణమే.

బరువు సంగతి కూడా లెక్క వేద్దాం. 5 కిలోల సైలెన్సర్, దాని బరువు కేంద్రం ఫ్లాంజ్ నుంచి 70 సెం.మీ. దూరంలో ఉంటే, ఏ ఆధారమూ లేనప్పుడు ఫ్లాంజ్ మీద సుమారు 34 న్యూటన్ మీటర్ల వంపు పడుతుంది. నట్టు టార్క్ 25 కదా, అలాంటివి ఎనిమిది ఉన్నాయిలే అని పోల్చకండి, అవి రెండూ వేరు లెక్కలు. ఇది కారు నిలబడి ఉన్నప్పటి మాట. గుంటలో పడితే అంతకు రెండు మూడింతలు.

అమర్చే పద్ధతి ఇదీ. నాలుగు పైపులు కలిసే చోటు నుంచి గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్‌కి (ఇంజన్‌కి అతికే ముందు భాగానికి) ఒక బ్రాకెట్. అప్పుడు హెడరూ ఇంజనూ కలిసి ఊగుతాయి. ఆ తర్వాత అల్లిక తొడుగున్న ఫ్లెక్స్ పైపు, 100 నుంచి 150 మి.మీ. పొడవున్నది. దాన్ని సాగదీసి గానీ మెలితిప్పి గానీ బిగించకూడదు, అల్లిక తెగిపోతుంది. ఫ్లెక్స్‌కి చోటు లేకపోతే స్లిప్ జాయింట్. ఇంజన్ వైపు పైపు లోపలికి, సైలెన్సర్ వైపు పైపు పైన వచ్చేలా, 40 మి.మీ. తక్కువ కాకుండా ఒకదాంట్లో ఒకటి దూరాలి, రెండు పక్కలా స్ప్రింగులు ఉండాలి. ఆ తర్వాతే సైలెన్సర్, ఛాసీకి రబ్బరు బాబిన్ల (రెండు చివర్లా మరలున్న రబ్బరు దిమ్మలు) మీద.

జేసీరోడ్డు_పానా:
స్లిప్ జాయింట్ కూడా కారుతుందిగా? ఒక లీకు ఆపడానికి ఇంకొకటి తెచ్చుకున్నట్టు.

టిగ్_టార్చ్_ఇందిరానగర్:
కొత్తలో కొంచెం కారుతుంది. సందు సరిగ్గా ఉంటే మసి పట్టి దానంతటదే చాలావరకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ పేస్ట్ పనికొచ్చేది అక్కడే, ఫ్లాంజ్ మీద మాత్రం వద్దు. జాయింట్ లాంబ్డా సెన్సార్ తర్వాత వచ్చేలా చూసుకుంటే గొడవే లేదు. సెన్సార్‌కి ముందు కారితే పల్స్‌కీ పల్స్‌కీ మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది, సెన్సార్ దాన్ని పెట్రోలు తక్కువైందని చదువుతుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోలు పెంచేస్తుంది. ఐడిల్లో ఈ తప్పు ఎక్కువ, ఫుల్ లోడ్‌లో తక్కువ. ప్లగ్గులు నల్లబడుతుంటే ట్యూనింగ్ మీద పడే ముందు లీకు వెతకండి.

లెక్కల_మాస్టారు:
వేడి వ్యాకోచం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్లాంజ్ 350 మి.మీ. పొడవుండి, 30 నుంచి 300 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. 304 స్టెయిన్‌లెస్ మీటరుకి ఒక్కో డిగ్రీకి సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే మొత్తం 1.6 మి.మీ. అల్యూమినియం హెడ్ రేటు 23 మైక్రాన్లు, ఎక్కువే గానీ, కూలింగ్ నీళ్ల వల్ల 95 డిగ్రీల దగ్గరే ఉంటుంది, కాబట్టి పెరిగేది 0.5 మి.మీ. మాత్రమే. రెండిటి తేడా 1.1 మి.మీ. మధ్యలోంచి చూస్తే ఒక్కో చివర అర మి.మీ. పైనే. చివరి రంధ్రాలు 8.5 మి.మీ. ఉంటే, హెడ్‌లోంచి పొడుచుకొచ్చే 8 మి.మీ. మరల కడ్డీకి, అంటే ఎం8 స్టడ్‌కి ఫ్లాంజ్ ఒరుసుకుని మధ్యలో ఉబ్బుతుంది. మధ్య రంధ్రాలు 8.5 ఉంచి, చివరివి 9.5 మి.మీ.కి పెంచితే జరగడానికి చోటుంటుంది. మైల్డ్ స్టీలు ఫ్లాంజైతే 12 మైక్రాన్ల లెక్కన తేడా 0.6 మి.మీ.కి పడిపోతుంది. స్టెయిన్‌లెస్ పైపులు, మైల్డ్ స్టీలు ఫ్లాంజ్ కలిపి 309ఎల్ ఫిల్లర్ (వెల్డింగ్ కడ్డీ)తో అతకొచ్చు.

పీన్య_మిల్లింగ్:
ఈ లెక్క బాగుంది మాస్టారూ. పోర్టుల మధ్య ఫ్లాంజ్‌ని రంపంతో కోసేసి నాలుగు ముక్కలు చేసేవాళ్లూ ఉన్నారు, ఒక్కో పోర్టు దాని దారిన అది పెరుగుతుందని. వెల్డింగ్, ఫేసింగ్ రెండూ అయ్యాకే కోయాలి. ముందే కోస్తే నాలుగూ నాలుగు వైపులు చూస్తాయి. నాకైతే మందం ఫ్లాంజ్ మీదే నమ్మకం.

ఎల్‌కీ_వైట్‌ఫీల్డ్:
ఇవన్నీ సరే గానీ 40 మి.మీ. సందులో చెయ్యి పెట్టేదెలా అన్నది ఆయన ప్రశ్న. ఇంజన్ దించక్కర్లేదు, హెడర్ ఒక్కటీ బయటికి వస్తే చాలు. రాకపోవడానికి అడ్డు స్టడ్లే. స్టడ్ హెడ్‌లోంచి 30 మి.మీ. బయటికి ఉంటే ఫ్లాంజ్ అంత దూరం పక్కకి జరగాలి, ఈలోపు స్టీరింగ్ షాఫ్ట్ తగులుతుంది. షాఫ్ట్ విప్పేయండి, రెండు యూజే (యూనివర్సల్ జాయింట్) బోల్టులు. విప్పేముందు స్ప్లైన్ (షాఫ్ట్ పళ్లున్న చివర) మీద పెయింట్ గీత పెట్టుకోండి. తర్వాత స్టడ్లు కూడా తీసేయండి, రెండు నట్లు ఒకదానికొకటి బిగించి లోపలి నట్టుని వెనక్కి తిప్పితే వస్తాయి. మొండికేస్తే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నానబెట్టండి. విరిగితే మాత్రం నిజంగానే ఇంజన్ దించాల్సొస్తుంది, ఆ సందులో డ్రిల్లు నిటారుగా నిలవదు.

తిరిగి బిగించేటప్పుడు 13 మి.మీ. తలున్న నట్లు వద్దు. రాగి పూత వేసిన లాక్ నట్లలో ఎం8కే 12 మి.మీ. తలున్నవి దొరుకుతాయి, పైపుకీ నట్టుకీ మధ్య పానా దూరడానికి ఆ అర మి.మీ. చాలు. టార్క్ రెంచ్ నేరుగా పట్టకపోతే క్రోఫుట్ (రెంచ్ చివర తగిలించే పానా తల) వాడండి, రెంచ్‌కి 90 డిగ్రీల అడ్డంగా పెడితే టార్క్ లెక్క మార్చక్కర్లేదు. టార్క్ 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య, మాన్యువల్లో చూసుకోండి. మధ్య నుంచి చివర్లకు, రెండు విడతల్లో.

జేసీరోడ్డు_పానా:
స్టడ్లు తీసేస్తున్నప్పుడు ఎలెన్ బోల్టులే పెట్టేస్తే పోదా? మాటిమాటికీ ఈ తిప్పలుండవు.

ఎల్‌కీ_వైట్‌ఫీల్డ్:
అల్యూమినియం హెడ్‌లోకి బోల్టు పదిసార్లు ఎక్కించి దించితే అరిగేది హెడ్ మరలే. చివర్న ఎలెన్ కీకి గుంట ఉన్న స్టడ్లు దొరికితే తీసుకోండి, హెడర్ పెట్టాక వాటిని ఫ్లాంజ్ రంధ్రంలోంచే ఎక్కించొచ్చు. కింది వరసకి ఇంకో చిట్కా: గ్యాస్కెట్ కింది రంధ్రాలను అంచుదాకా కత్తిరించి కింద నోరున్న గాడులు చేయండి. కింది స్టడ్లు ముందే సగం ఎక్కించి పెట్టుకుంటే గ్యాస్కెట్ పైనుంచి జారి వాటి మీద కూర్చుంటుంది. రెండో చెయ్యి పెట్టడానికి చోటు లేనప్పుడు ఇది ప్రాణం.

కోరమంగళ_కిట్:
టిగ్ గారు చెప్పిన పరీక్ష చేశాను. క్లాంపులు వదలగానే సైలెన్సర్ 8 మి.మీ. కిందికి దిగింది. నట్లు వదిలాక ఫ్లాంజ్ నిటారుగానే నిలబడింది. అంటే మిల్లింగ్ అక్కర్లేదా?

టిగ్_టార్చ్_ఇందిరానగర్:
8 మి.మీ. అంటే చాలా ఎక్కువ. ముందు బాబిన్లు, బెల్ హౌసింగ్ బ్రాకెట్ చేయించండి. బిగించే వరస ఇంజన్ దగ్గర మొదలై వెనక్కి రావాలి: ముందు ఫ్లాంజ్, తర్వాత జాయింట్, చివర సైలెన్సర్. ఇన్నాళ్లు అలా లాగి ఉంది కాబట్టి హెడర్ బయటికి వచ్చినప్పుడు స్కేలు పెట్టడం మానొద్దు, పీన్య గారి 0.2 కొలతే నాదీ.

పీన్య_మిల్లింగ్:
నాకు మాత్రం ఆ 6 మి.మీ. మీద నమ్మకం లేదు. స్కేలు పెట్టిన ఫొటో వేయండి, అప్పుడు మాట్లాడదాం.

జేసీరోడ్డు_పానా:
బిగించాక లీకు పరీక్షకి వ్యాక్యూమ్ క్లీనర్ ఊదే వైపు గొట్టం సైలెన్సర్ చివర పెట్టి, గుడ్డ చుట్టి, సబ్బు నీళ్లు చల్లండి. బుడగలొచ్చిన చోటే లీకు. తెరిచి ఉన్న వాల్వుల్లోంచి ఇన్‌టేక్ వైపు కొంచెం శబ్దం వస్తుంది, దానికి కంగారు పడొద్దు. ఇంజన్ ఆన్ చేసి వెతకాలంటే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో మాత్రం వద్దు, హెడర్ లీకంటే కార్బన్ మోనాక్సైడే. వేడి పైపు మీద బ్రేక్ క్లీనర్, కార్బ్ క్లీనర్ కొట్టి చూడమనే సలహాలు వస్తాయి, వినకండి. గ్రాఫైట్ వేస్తే మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ పెట్టాలి. సిలికాన్ సంగతి ఇక ఎత్తను లెండి.