జీఐఎస్ అంటే ఫోన్‌లో మ్యాపేనా? మా ఊరి చెరువు మీద ప్రాజెక్టు చేయొచ్చా?

జనగామ_డిగ్రీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. మాది జనగామ దగ్గర ఊరు. డిగ్రీ ఫైనలియర్, జాగ్రఫీ ఒక సబ్జెక్టు. ఈ ఏడాది ప్రాజెక్టు చేయాలి. మా మేడం "జీఐఎస్‌లో ఏదైనా చెయ్యి, ముందు ముందు పనికొస్తుంది" అన్నారు. పుస్తకం తీస్తే "భౌగోళిక సమాచారాన్ని సేకరించి, నిల్వచేసి, విశ్లేషించే వ్యవస్థ" అని ఉంది. నాలుగుసార్లు చదివినా ఏం చేస్తారో అర్థం కాలేదు. నాన్నకు చెప్తే "ఫోన్‌ల మ్యాపు ఉంది కదరా, మళ్లీ నేర్చుకునేదేంది?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

మా చెరువు ముప్పై ఏళ్ల కింద ఇంకా పెద్దగా ఉండేదని తాత అంటాడు. కట్ట అదే, మత్తడి (అలుగు) అదే, నీళ్లు నిలిచే చోటే తగ్గిందట. ఇది నిజమో కాదో తెలుసుకోవచ్చా? నా ల్యాప్‌టాప్ పాతది, సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. కొంచెం టెన్షన్‌గా ఉంది, మొదటి నుంచి చెప్పండి.

గొలుసుకట్టు

తమ్ముడూ, మీ తాత మాటే నీ ప్రాజెక్టు. ఇంకోటి వెతకకు. నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అందులో సగం కాలం చెరువులతోనే గడిచింది.

ముందు మీ నాన్నగారి ప్రశ్న. ఫోన్‌లో మ్యాపు వెనక ఉన్నది కూడా జీఐఎస్సే. కాకపోతే దారి ఎటు, ఎంతసేపు పడుతుంది, దగ్గర్లో పెట్రోల్ బంకు ఎక్కడ, ఇలాంటివే అది చెప్తుంది. "చెరువు అంచు నుంచి 300 మీటర్ల లోపు ఎన్ని బోర్లున్నాయి, వాటిలో 400 అడుగులు దాటినవి ఎన్ని?" అంటే చెప్పలేదు, ఎందుకంటే మీ ఊరి బోర్ల లెక్క దానికి ఎవరూ ఇవ్వలేదు. మన లెక్క మనం పెట్టుకుని, మన ప్రశ్న మనం అడగడానికి జీఐఎస్ కావాలి.

ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఊహించుకో. ఒక దాని మీద చెరువు, ఒక దాని మీద కాలువలు, ఇంకోదాని మీద బోర్లు, అన్నిటికంటే కింద ఉపగ్రహ చిత్రం. వీటిని లేయర్లు అంటారు. బోరు ఒక చుక్క, కాలువ ఒక గీత, చెరువు మూసిన ఆకారం. ప్రతి చుక్క వెనకా పట్టికలో ఒక వరుస ఉంటుంది: ఎప్పుడు వేశారు, ఎన్ని అడుగులు, ఎండాకాలంలో పోస్తుందా లేదా. ఆ పట్టిక లేకపోతే అది బొమ్మే. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావులు జరిగిన ఇళ్లను మ్యాపు మీద గుర్తుపెడితే, అవి బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ కనబడ్డాయి. కంప్యూటర్ లేని రోజుల్లో కూడా ఆలోచన ఇదే.

ఇక నీ చెరువు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో నెమ్మదిగానైనా నడుస్తుంది. చిత్రాలూ ఉచితమే. యూరప్ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహం తీసే చిత్రంలో ఒక గడి (పిక్సెల్) 10 మీటర్లకు 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 121 గజాలు, దాదాపు 101 చదరపు మీటర్లు. కాబట్టి ఒక గడి అంటే ఒక గుంట అనుకో. 40 ఎకరాల చెరువు 1,600 గళ్లు. ఇది గుర్తుపెట్టుకుంటే ఏది కనబడుతుందో, ఏది కనబడదో నీకే తెలిసిపోతుంది.

కానీ సెంటినల్-2 మొదలైందే 2015లో. మీ తాత చెప్పే కాలానికి అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 5 ఉపగ్రహ చిత్రాలు కావాలి. వాటిలో గడి 30 మీటర్లు, అంటే దాదాపు 9 గుంటలు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చెరువు చుట్టుకొలత 3 కిలోమీటర్లు అనుకుందాం. అంచు వెంట సగం గడి, అంటే 15 మీటర్లు అటూ ఇటూ అయినా 45,000 చదరపు మీటర్లు, సుమారు 11 ఎకరాలు తేడా వస్తుంది. పాతది 30 మీటర్ల చిత్రం, కొత్తది 10 మీటర్లది పక్కపక్కన పెట్టి "పది ఎకరాలు పోయింది" అని రాయకు. రెండు వైపులా 30 మీటర్లదే తీసుకో. 2013 నుంచి ల్యాండ్‌శాట్ 8 ఉంది, అదీ 30 మీటర్లే. అప్పుడు కూడా ఎకరం, రెండెకరాల తేడాను నమ్మొద్దు. పెద్ద తేడా కనబడితేనే మాట్లాడు.

ఇంకోటి. కరువు సంవత్సరాన్ని వాన బాగా పడిన సంవత్సరంతో పోల్చితే ఏ చెరువైనా తగ్గినట్టే కనిపిస్తుంది. మీ తాతను కూర్చోబెట్టి మత్తడి దుంకిన, అంటే చెరువు నిండి పొర్లిన సంవత్సరాలు అడిగి రాసుకో. అప్పటి అక్టోబరు, నవంబరు చిత్రాలే తీసుకో. వానాకాలం చిత్రాల్లో మబ్బులే ఎక్కువ. మత్తడి దుంకిన సంవత్సరాన్ని మత్తడి దుంకిన సంవత్సరంతోనే పోల్చు. ఈ పని సాఫ్ట్‌వేర్ చేయలేదు, మీ తాతే చేయాలి.

నీళ్లను గుర్తుపట్టడం ఎలాగంటే, మన కంటికి కనబడని పరారుణ కాంతిని ఉపగ్రహం కొలుస్తుంది. నీళ్లు దాన్ని పీల్చుకుంటాయి, పచ్చని ఆకు గట్టిగా తిప్పికొడుతుంది. ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని విడిగా కొలిచి ఇస్తుంది, దాన్ని పట్టీ (బ్యాండ్) అంటారు. ప్రతి గడికీ ఆకుపచ్చ పట్టీ అంకెలోంచి పరారుణ పట్టీ అంకెను తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే నీళ్లున్న గళ్లు సాధారణంగా సున్నా కంటే పైన వస్తాయి. అయితే గుర్రపుడెక్క పరుచుకున్న చెరువు ఉపగ్రహానికి పొలంలా కనబడుతుంది.

నా మొదటి ఉద్యోగంలో ఒక చెరువు సగభాగాన్ని తుమ్మలు మొలిచిన బీడుగా గీశాను. నా చేతికిచ్చింది మే నెల చిత్రం. పై వాళ్లు సరే అన్నారు, అది రిపోర్టులోకి వెళ్లిపోయింది. తర్వాత ఆ ఊరు వెళ్తే చెరువు నీళ్లు చూసుకునే నీరటి కాడు నన్ను తుమ్మల మధ్యలోకి తీసుకెళ్లి, ఒక రాయి మీద నీటి మరక చూపించాడు. నా నడుము ఎత్తున ఉంది. "బిడ్డా, కార్తీకంల వచ్చి చూడు" అన్నాడు. అప్పటి నుంచి గట్టు మీద నడవకుండా ఏ చెరువునూ గీయలేదు. నువ్వూ నడువు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడాతో చెప్తుంది, నీ పనికి అది చాలు.

పాత సర్వేయర్

గొలుసుకట్టు అమ్మాయి చక్కగా చెప్పింది. నేను భూమి కొలతల్లోనే రిటైరయ్యాను. మా కాలంలో 66 అడుగుల గొలుసు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం.

బాబూ, ఒక్క జాగ్రత్త. నువ్వు గీసిన అంచును హద్దు అనకు. చిత్రం తీసిన రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అంతే అది. పూర్తి నీటిమట్టం అంటే మత్తడి ఎత్తును బట్టి లెవెల్ యంత్రంతో తేల్చేది. నెట్‌లో ఉచితంగా దొరికే ఎత్తుల సమాచారంలో మీటర్లలో తేడా ఉంటుంది, చెరువు దగ్గర అడుగు తేడా వచ్చినా ఎకరాలు మునుగుతాయి. పైగా కొన్ని చోట్ల శిఖం భూమికి, అంటే చెరువు లోపలి భూమికి పట్టాలు కూడా ఉన్నాయి, నీళ్లు తగ్గాక సాగు చేసుకుంటారు. కాబట్టి మ్యాపు మీద "ఆక్రమణ" అని రాసి ఎవరి పేరూ పెట్టకు. ఊళ్లో కొట్లాటలు అవుతాయి, నేను కళ్లారా చూశాను.

జనగామ_డిగ్రీ

అక్కా, సార్, చాలా థ్యాంక్స్. తాతను అడిగాను, నాలుగు సంవత్సరాలు చెప్పాడు. సంవత్సరం అంకె గుర్తులేని చోట "మీ పెద్దత్త పెండ్లి అయిన ఏడు" అన్నాడు, పెళ్లిపత్రిక వెతికి పట్టుకున్నాను. క్యూజీఐఎస్‌లో ఈమధ్య చిత్రం మీద చెరువు గీశాను. విస్తీర్ణం 0.0000139 అని వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

ఇచ్ఛాపురం వాసి

తప్పేం లేదు తమ్ముడూ. నీ లేయర్ అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, అందుకే జవాబు చదరపు డిగ్రీల్లో వచ్చింది. దాన్ని మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర జోన్‌లోకి మార్చి సేవ్ చెయ్యి, దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644 అని వెతికితే దొరుకుతుంది. అప్పుడు చదరపు మీటర్లు వస్తాయి, 4,047తో భాగిస్తే ఎకరాలు. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా ఆ జోనే. జనగామ అందులోనే ఉంది. మా ఇచ్ఛాపురం 84 దాటి 45లో పడుతుంది, అనంతపురం, జహీరాబాద్ 43లో. మా ఊరికి 44 పెట్టి నేను చాలా రోజులు తిప్పలు పడ్డాను.

జనగామ_డిగ్రీ

వచ్చింది అన్నా! 40 ఎకరాల 12 గుంటలు. నాన్నకు చూపిస్తే ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగి మా పొలం ఎక్కడుందో అడిగాడు. మా బోరు చుక్క కూడా పెట్టి, ఎన్ని అడుగులో ఆయన్నే చెప్పమని రాసుకున్నాను. పాత చిత్రాలు ఇంకా దించుకోవాలి. రేపు పొద్దున తాత, నేను మత్తడి కాడి నుంచి మొదలుపెట్టి చెరువు చుట్టూ నడుస్తున్నాం. ఎండ ముదరకముందే రావాలని తాత అయిదింటికే లేవమన్నాడు.