సమస్యాపూరణం: గడ్డమున్న రాణి గద్దె నెక్కె

సమస్య (విజయనగరం నుండి)

ఈ వారం ఆటవెలది నాలుగవ పాదాన్ని ఇస్తున్నాను.

గడ్డమున్న రాణి గద్దె నెక్కె

పై మూడు పాదాలు సభ్యులు పూరించాలి. పదాన్ని విరిచి అర్థం మార్చడం, కలయనో నాటకమనో చెప్పి గట్టెక్కడం శాస్త్రసమ్మతమైన దారులే. అయినా గడ్డం విషయంలో లోకం తీరు కాలానికొక విధంగా ఎలా మారుతూ వచ్చిందో చూపించే పూరణ వైపే ఈసారి నా మొగ్గు ఉంటుందని ముందుగానే చెబుతున్నాను. సభ్యులు ఎప్పటిలాగే పేరు కాక ఊరు మాత్రమే రాయగలరు.

పూరణ (బొబ్బిలి నుండి)

వేషగాఁడు రాక వేళయై పోవఁగ
మంత్రి వేషగాఁడె మగువ యయ్యె;
కత్తి దొరక దాయెఁ. గాని యాగునె యాట?
గడ్డమున్న రాణి గద్దె నెక్కె!

విమర్శ: బొబ్బిలి మాస్టారూ, మూడవ పాదంలోని ప్రశ్నతో పద్యానికి ప్రాణం వచ్చింది. మన తూర్పు భాగోతంలో సత్యభామ వేషం మగవారే కట్టేవారు కనుక, క్షవరపు కత్తి దొరకని రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఈ జిల్లాలవారికి ఊహించడం కష్టం కాదు. అయితే రెండు పాదాలలో ‘వేషగాఁడు’ రెండుసార్లు రావడం వల్ల పునరుక్తి దోషం వినబడుతోంది. నాటకం దారి నేనే ముందుగా చెప్పి ఉంచాను కాబట్టి ఇందులో కొత్త ఊహకు మార్కులు వేయలేను.

పూరణ (రాజాం నుండి)

నైలు తీరమందు నాఁటి ఫారోలకుఁ
గృతకగడ్డ మొకటి కీర్తి నిచ్చు;
అదియె తాల్చి పురుషునట్టులే వెలుగొంది
గడ్డమున్న రాణి గద్దె నెక్కె.

విమర్శ: ఇది చరిత్రను సూటిగా పట్టుకున్న పూరణ. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన హత్షెప్‌సుత్ గురించి రాజాం వారు రాశారు. భర్త రెండవ థుత్మోస్ మరణించాక, బాలుడైన మూడవ థుత్మోస్ పేరిట పాలన చేపట్టిన ఆమె, కొన్నేళ్లకు తానే ఫారోగా, అంటే ఈజిప్టు రాజుగా, ప్రకటించుకుంది. దైర్ అల్ బహ్రీలోని ఆమె ఆలయంలో నిలిపిన విగ్రహాలకు రాజులకు ఉండవలసిన పొడవాటి గడ్డం ఉంది. ఇక్కడ గమనించవలసినదేమిటంటే, ఆ కాలపు ఫారోలు నున్నగా గీయించుకుని, వేడుకలలో మాత్రం చెవుల మీదుగా వచ్చే పట్టీతో గడ్డాన్ని కట్టుకునేవారు. కాబట్టి మగరాజు గడ్డం ఎంత కట్టుడుదో రాణి గడ్డమూ అంతే కట్టుడుది, ఈ లెక్కన ఆమెది మారువేషం అనడానికి వీలు లేదు. టూటన్‌ఖామున్ అనే ఫారో బంగారు ముసుగుకున్న గడ్డం సైతం విడిగా చేసి అమర్చినదే. 2014లో కైరో మ్యూజియంలో అది ఊడిపోతే సిబ్బంది హడావిడిగా ఎపాక్సీ జిగురు పూసి అంటించారు, మరుసటి ఏడాది నిపుణులు ఆ జిగురును గీకి తీసి మళ్లీ సరిగా అమర్చవలసి వచ్చింది.

ఇక దోషం. ‘కృతక’ సంస్కృతం, ‘గడ్డము’ తెలుగు. ఈ రెండూ కలిసి వైరిసమాసమైంది. ‘గట్టు గడ్డ మొకటి ఘనత నిచ్చు’ అని మార్చుకుంటే ఆ దోషం పోతుంది, గకార ఘకారాలకు యతి కుదురుతుంది, పట్టీతో కట్టుకునే గడ్డమన్న అసలు సంగతి కూడా పద్యంలోకి వస్తుంది.

చీపురుపల్లి నుండి వ్యాఖ్య: అయ్యా, హత్షెప్‌సుత్ రాజబిరుదాలన్నీ ధరించి ఫారోగా ఏలినప్పుడు ఆమెను ‘రాణి’ అనడం ఆమె స్థాయిని తగ్గించడం కాదా? గడ్డం కట్టుకున్నదే ఆ మాట అనిపించుకోకుండా ఉండడానికి కదా?

సమాధానం: అమ్మా, మీ ఆక్షేపణ న్యాయమైనదే. కాని ‘రాణి’ సమస్యలో ఉన్న మాట, పూరించినవారి తప్పు కాదు. ఆ నింద నా మీదకే రావాలి.

పూరణ (చీపురుపల్లి నుండి)

రుద్రదేవుఁ డనుచు రూఢిగాఁ బిలువంగ
మగని వేషమూని మగువ మిన్న
ఓరుగంటి నేలె నొప్పుగా, మన తెల్గు
గడ్డ, మున్న రాణి గద్దె నెక్కె.

విమర్శ: ‘తెల్గు గడ్డ’, ‘మున్న’ (మునుపే) అని విరిచి గడ్డాన్ని మాయం చేసిన చమత్కారం బాగుంది. 1262లో అధికారం చేపట్టిన రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి కనుక చరిత్ర చెడలేదు. వ్యాకరణం మాత్రం కొంచెం కుంటింది: ‘గడ్డపై’ అనవలసిన చోట విభక్తి లేదు, అదీగాక ఏలిన తరువాత గద్దె నెక్కినట్లు వాక్యక్రమం తలకిందులైంది. గడ్డం సంగతి అడిగితే గడ్డమే లేని పద్యం ఇచ్చారు కాబట్టి, ఛందస్సు నిర్దుష్టంగా ఉన్నా, ఈ పూరణను రాజాం వారి పూరణ కన్నా ఒక మెట్టు కిందనే ఉంచుతున్నాను.

పూరణ (పాలకొండ నుండి)

పన్ను వేసెఁ బీట రన్న జా రెల్లెడ;
కేతరీను వచ్చి కీడు మాన్పె;
రొక్క మింక నేల? రొమ్ము నిక్కఁగ నిల్వు
గడ్డమున్న, రాణి గద్దె నెక్కె.

విమర్శ: ఈ వారం వచ్చినవాటిలో నన్ను ఎక్కువసేపు ఆపిన పూరణ ఇదే. ‘ఉన్నన్’ అనే చేదర్థకాన్ని, అంటే ‘ఉన్నట్లయితే’ అనే అర్థాన్ని తీసుకుని, గడ్డాన్ని రాణి ముఖం మీద నుండి రష్యా ప్రజల ముఖాల మీదకు మార్చిన నేర్పు పాలకొండ టీచరుగారికే చెల్లింది. మొదటి పాదంలో ‘పన్ను’, ‘రన్న’ అంటూ వేసిన ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలిసే యతి) కూడా చెవికి ఇంపుగా ఉంది.

రష్యా జారు (చక్రవర్తి) పీటర్ 1698లో పశ్చిమ ఐరోపా పర్యటన నుండి తిరిగి రాగానే, తనను చూడవచ్చిన ప్రభువుల గడ్డాలను స్వయంగా కత్తిరించాడు. 1705 నాటి శాసనంతో గడ్డం ఉంచుకోదలచినవారికి పన్ను వచ్చింది: పెద్ద వర్తకులు ఏడాదికి 100 రూబుళ్లు చెల్లించాలి, పల్లెటూరి రైతు నగరద్వారం దాటినప్పుడల్లా ఒక కోపెక్కు ఇవ్వాలి. పన్ను కట్టినవారికి రాగిబిళ్ల ఇచ్చేవారు. దాని మీద ముక్కు, మీసం, గడ్డం చెక్కి ‘డబ్బు ముట్టింది’ అన్న అర్థంలో రెండు మాటలు ఉండేవి. గడ్డాన్ని దేవుడిచ్చిన రూపంలో భాగమని నమ్మిన ఆ దేశపు క్రైస్తవులకు ఇది పన్ను కన్నా పెద్ద బాధ. గీయించిన గడ్డాన్ని దాచుకుని తన శవపేటికలో పెట్టించుకోదలచిన ఒక వడ్రంగి గురించి, పీటర్ కొలువులో పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరు జాన్ పెర్రీ రాశాడు. గడ్డం అంటుకుని ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మనవాళ్లు అనే సామెత ఆ జారుకు సరిగ్గా అతుకుతుంది.

ఒక్క సవరణ అవసరం. రెండవ కేథరిన్ సింహాసనం ఎక్కినది 1762లో, ఆ పన్ను రద్దైనది 1772లో. పద్యం చదివితే రాణి గద్దె నెక్కిన పూటే జనం రొమ్ము విరుచుకుని నిలిచినట్లు ఉంది, కాని వారు మరో పదేళ్లు బిళ్లలు మోశారు.

పాలకొండ నుండి సమాధానం: మాస్టారూ, పదేళ్లను ఆటవెలది పాదంలో ఎక్కడ ఇరికించమంటారు? కవిత్వానికి ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వరా?

సమాధానం: ఇస్తాను. గురజాడ తిరిగిన ఊళ్లో కూర్చుని తేదీల కోసం మంచి పద్యాన్ని కొట్టివేస్తే నాకు పుట్టగతులుండవు.

పూరణ (ఆముదాలవలస నుండి)

బొమ్మలున్న కథల పుస్తకమ్మునఁ బిల్ల
వాఁడు పెన్నుతోడ వ్రాసెఁ గురులు;
నవ్వె నక్క చూచి తాత ముద్దాడెను
గడ్డమున్న రాణి గద్దె నెక్కె!

విమర్శ: నాయనా, ఇది మీ తొలి పూరణ అని రాశారు, గణాలన్నీ సరిపోవడం చూసి సంతోషించాను. మూడవ పాదంలో నకారానికి తకారం చెల్లదు కనుక యతిభంగమైంది. తాతగారిని పక్కన పెట్టి ‘నవ్వె నక్క చూచి నాయనమ్మయుఁ జేరి’ అనండి, సరిపోతుంది. ఊహ మాత్రం చక్కనిది. 1860 అక్టోబరులో గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ల అమ్మాయి, మీ ముఖం మరీ పీలగా ఉంది కాబట్టి గడ్డం పెంచండని ఎన్నికల అభ్యర్థి లింకన్‌కు ఉత్తరం రాసింది. ఆయన పెంచాడు, అమెరికా అధ్యక్షులలో మొదటి గడ్డంవాడయ్యాడు. పిల్లల పెన్నుకు గడ్డం మొలిపించే శక్తి ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

బొబ్బిలి నుండి ప్రశ్న: గద్దె నెక్కే మగవారికి గడ్డం శోభే అయితే, నాణేల మీద రోము చక్రవర్తులు నున్నగా ఎందుకు కనిపిస్తారు?

సమాధానం: దానికి మూలం అలెగ్జాండరు. శత్రువు పోరులో గడ్డం పట్టుకుని లాగే వీలుందని సైనికులను గీయించుకోమన్నాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. కారణం అదే అయినా, ఆయన యవ్వన రూపాన్ని అనుకరించాలన్న మోజే అయినా, ఆ పైన గ్రీకు రాజులు, వారి వెనుక రోమన్లు నున్నని ముఖానికే అలవాటు పడ్డారు. క్రీ.శ. 117లో రోము గద్దె నెక్కిన హేడ్రియన్ గడ్డం ఉంచుకున్నాక తరువాతి చక్రవర్తులు చాలామంది అదే బాట పట్టారు. మన దగ్గర ఈ మార్పు ఇంకా తొందరగా జరిగింది. నా చిన్నతనంలో కుర్రవాడు గడ్డంతో కనబడితే, అయ్యప్ప మాల వేశాడా, ఇల్లాలు నీళ్లోసుకుందా, లేక ప్రేమలో దెబ్బతిన్నాడా అని అరుగుల మీద ఆరాలు తీసేవారు. ఇప్పుడు శ్రీకాకుళం సెలూన్లలో గడ్డం దిద్దడానికి క్షవరం కన్నా ఎక్కువ పుచ్చుకుంటున్నారు, పెళ్లికొడుకులు సైతం గడ్డంతోనే పీటల మీద కూర్చుంటున్నారు, ఏమిటని అడిగే పెద్దలు లేరు.

ఫలితం: ఉత్తమ పూరణగా రాజాం వారి పద్యాన్ని, పైన చెప్పిన సవరణతో, ఎంచుతున్నాను. పాలకొండవారి పద్యంలో పనితనం ఎక్కువగా ఉన్నదన్న సంగతి ఒప్పుకుంటాను. అయితే పాదాన్ని విరవకుండా, అర్థం మార్చకుండా, ఉన్నది ఉన్నట్లుగా నిజం చేసి చూపినది రాజాం వారి పద్యమొక్కటే.

వచ్చే వారానికి తేటగీతి పాదం ఇస్తున్నాను. బ్రిటిషు సైన్యంలో 1916 దాకా పై పెదవి గీయరాదన్న నియమం ఉండేదని గుర్తుంచుకుంటే దారి దొరుకుతుంది, వేరే దారి తొక్కినా అభ్యంతరం లేదు:

మీసమే లేక సేనలో మిగుల రాదు