కాటన్ అనే ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం ఉందా?

గోదారిగట్టు:
ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర మీద మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు రాస్తోంది. "వాళ్ల తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసేవాళ్లా, అందుకే ఆ పేరొచ్చిందా?" అని అడిగింది. వినడానికి సబబుగానే ఉంది కానీ, తెలుసుకోకుండా రాయించడం ఇష్టం లేదు. ఇంగ్లండ్‌లో ఈ కాటన్‌లు ఎక్కడివాళ్లు, ఆ పేరు ఎలా పుట్టింది? తెలిసినవాళ్లు చెప్పగలరా?

నూలుపోగు:
ఇంగ్లిష్ ఇంటిపేర్లలో బట్టల పనివి బోలెడున్నాయండి. వెబ్‌స్టర్ అంటే నేతగాడు. ఫుల్లర్, టక్కర్, వాకర్ మూడూ ఒకే పనివాళ్ల పేర్లు. నేసిన ఉన్ని బట్టను తడిపి, కాళ్లతో తొక్కి చిక్కబరిచేవాళ్లు. ఆగ్నేయంలో ఫుల్లర్, నైరుతిలో టక్కర్, ఉత్తరాన వాకర్ అనేవారు. కాటన్ కూడా ఈ కోవలోదేనేమో.

పాతదస్తావేజు:
నూలుపోగు గారు చెప్పిన పేర్లన్నీ నిజమే, కానీ కాటన్ ఆ కోవలోది కాదు. ఇది ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు. పాత ఇంగ్లిష్‌లో 'కాట్' అంటే గుడిసె, 'కాటుమ్' అంటే గుడిసెల దగ్గర. నాలుగు గుడిసెలున్న చోటల్లా ఆ పేరు పడింది కాబట్టి ఇలాంటి ఊళ్లు ఇంగ్లండ్‌లో చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్, యార్క్‌షైర్ తీరాన కోటమ్ అలా వచ్చినవే. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను పాత పత్రాల్లో ఊరిపేరు ముందు 'ద' (de) అని చేర్చి రాసేవారు, అంటే ఫలానా ఊరివాడు అని. తర్వాత ఆ 'ద' రాలిపోయి ఊరిపేరు ఒక్కటే మిగిలింది. ఊరిపేరే ఇంటిపేరు కావడం మనకేమీ కొత్త కాదు కదా.

కాలం చూసినా పత్తి కుదరదు. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక ముందు భూస్వాములకు, తర్వాత మెల్లగా మామూలు జనానికి వంశపారంపర్య ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. 1377, 1379, 1381లో వేసిన తలపన్ను జాబితాలు చూస్తే ఆ మార్పు కళ్లముందే జరుగుతున్నట్టుంటుంది. అప్పటి ఇంగ్లండ్‌లో జనం కట్టింది ఉన్ని, నారబట్టలు. లాంకషైర్‌లో పత్తి మిల్లులు లేచింది 18వ శతాబ్దం చివరి భాగంలో. పత్తిని పిలిచే మాట అరబిక్ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. రెండూ వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే స్పెల్లింగ్‌లో కలిశాయి, అంతే.

ఇక ఆర్థర్ కాటన్ కుటుంబం చెషైర్‌లోని కాంబర్‌మియర్‌ది. అక్కడ క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూసేయించినప్పుడు, 1539లో అది జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. 1919లో అమ్మేదాకా వాళ్ల దగ్గరే ఉంది. ఈ ఇంట్లో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది: తల్లుల పుట్టింటి పేర్లు పోకుండా పిల్లలకు పెట్టుకున్నారు. వాళ్లలో లించ్ సాల్స్‌బరీ కాటన్ అని ఒకాయన ఉన్నాడు. లించ్ అనేది ఆయన తల్లి ఇంటిపేరు, సాల్స్‌బరీ నాయనమ్మది. ఆయన మనవడు, 1826లో భరత్‌పూర్ కోటను పట్టిన సేనాని స్టేపుల్టన్ కాటన్. స్టేపుల్టన్ కూడా తల్లి పుట్టింటి పేరే. ఆర్థర్ తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్ ఈ సేనానికి స్వయానా బాబాయి. అంటే ఆర్థర్, స్టేపుల్టన్ అన్నదమ్ముల పిల్లలు. వంశం వెతికేవాళ్లు కాటన్ అనే మాటనే పట్టుకుని ఊరుకోకూడదు, మధ్యలో ఉన్న పేర్లు చదవాలి. ఆడవాళ్ల జాడ అక్కడే దొరుకుతుంది.

గోదారిగట్టు:
ధన్యవాదాలండి, ఇంత ఉందనుకోలేదు. మరి లండన్‌లో పాత రాతప్రతులు పోగుచేసిన రాబర్ట్ కాటన్ కూడా వీళ్ల మనిషేనా?

పాతదస్తావేజు:
కాదండి. ఆయనది హంటింగ్డన్‌షైర్‌లోని కానింగ్టన్. ఆయన పూర్వీకులు స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చారు. ఒకే పేరున్న ఊళ్లు అన్ని ఉన్నప్పుడు, ఒకరికొకరు సంబంధం లేని కాటన్ కుటుంబాలు పుట్టడం సహజమే. పైగా ఈయనకు తన తండ్రి వైపు పూర్వీకురాలి ద్వారా స్కాట్లండ్ రాజుల బ్రూస్ రక్తం ఉందనే అభిమానం ఎక్కువ. సంతకంలో 'కాటన్ బ్రూసియస్' అని పెట్టుకునేవాడు.

ఆయన లేకపోతే ఇంగ్లిష్‌వాళ్ల పాత సాహిత్యంలో ఎంత మిగిలేదో! మఠాలు మూతపడ్డాక చెల్లాచెదురైన రాతప్రతుల్ని చేరదీశాడు. సన్నటి గదిలో అల్మరాలు, ఒక్కో అల్మరా మీద ఒక్కో రోమన్ చక్రవర్తి బొమ్మ. పుస్తకానికి నంబరు కూడా దాన్ని బట్టే. పాత ఇంగ్లిష్‌లోని వీరకావ్యం బేవుల్ఫ్ రాతప్రతిని ఇప్పటికీ 'కాటన్ విటెల్లియస్ ఏ 15' అనే అంటారు: విటెల్లియస్ బొమ్మ కింద, పై అరలో, పదిహేనో పుస్తకం. 1629లో చార్లెస్ రాజు ఆ గ్రంథాలయానికి తాళం వేయించాడు. అది తిరిగి చేతికి రాకుండానే రాబర్ట్ 1631లో పోయాడు. చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. 1731లో ఆ పుస్తకాలున్న ఇంట్లో మంటలు రేగినప్పుడు బేవుల్ఫ్ అంచులు కాలాయి. తర్వాత ముట్టుకున్నప్పుడల్లా పెళుసెక్కిన అంచుల నుంచి అక్షరాలు రాలిపోయాయి. చివరికి 19వ శతాబ్దంలో ఒక్కో ఆకునూ కాగితపు చట్రంలో అమర్చారు. ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందపత్రం మాగ్నా కార్టా ప్రతులు నాలుగే మిగిలితే, అందులో రెండు ఈయన సేకరించినవే.

అక్షరాలబండి:
ఇంకాస్త లోతుగా వెతకాలనుకుంటే చర్చి రిజిస్టర్లు చూడండి. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయడం మొదలైంది. స్పెల్లింగ్ మీద మాత్రం ఆధారపడకండి. విన్నది విన్నట్టు రాసుకునేవారు కాబట్టి ఒకే కుటుంబం ఒక చోట కోటన్, ఇంకో చోట కాటెన్ అని కనిపిస్తుంది. అందుకే పేరుతో పాటు ఊరు కూడా కలవాలి. జులై 1837 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది కనుక ఆ తర్వాతివాళ్లకు పని తేలిక.