అప్‌డేట్: ఉంగరం వేలి నొప్పి కీళ్లది కాదు, ఏ2 పుల్లీది

నలభై దాటాక గండికోటలో మళ్లీ క్లైంబింగ్ మొదలుపెడితే ఉంగరం వేలి మొదట్లో నొప్పి వస్తోందని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఎక్స్‌రే, యూరిక్ యాసిడ్ టెస్టు రెండూ నార్మలే, ఏమీ తేల్చలేదు. కడపలో ఎముకల డాక్టరు రాయించిన అల్ట్రాసౌండ్‌లో బయటపడింది: ఏ2 పుల్లీ కొంత చిరిగింది. వేలిని వంచే టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) వేలి మొదట్లో ఎముకకు ఆనించి ఉంచే పట్టీ అది. టెండన్ ఎముక నుంచి పైకి లేవలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు.

ఒకరు చెప్పిన హెచ్ టేపు బాగా పనిచేసింది. 1.5 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవున్న సాగని టేపును రెండు చివర్ల నుంచీ నిలువుగా చీల్చి, నడుమ 1 సెం.మీ. వదలాలి. ఆ నడుమ భాగం మధ్య కణుపుకు అరచేతివైపు రావాలి. కణుపుకు కింద, అంటే వేలి మొదటి వైపు, ఒక చీలికల జత చుట్టి, వేలు కాస్త వంచి, పైన, అంటే కొన వైపు, రెండో జత చుట్టాలి. వేలి కొన నీలంగా మారితే బిగువు ఎక్కువైనట్టే.

నొప్పి తగ్గాక కాళ్లు నేల మీదే ఉంచి, వేళ్లు చాచిన పట్టుతో కొద్దికొద్దిగా బరువు వేయాలి. క్రింప్ పట్టు (మధ్య కణుపు బాగా వంచి వేలి కొనలతో పట్టుకోవడం) అన్నిటికన్నా చివర్న. ఏ2 మీద భారం ఎక్కువగా పడేది అందులోనే.