ఇళ్ల బావుల పక్కన నాపరాయి గనులు: ఎంత దూరం ఉండాలి?

పెన్నాగట్టు:
ఎర్రగుంట్ల వైపు మాది. మండల సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టబోతున్నారు. ఊరి బావులకు, బోర్లకు 250 మీటర్ల లోపల కొత్త నాపరాయి గనులకు అనుమతి ఇవ్వొద్దని గనుల శాఖను కోరుతూ. నా మద్దతు దానికే. పోయిన ఎండాకాలం మా ఇంటి బావిలో మోటారు వేస్తే కాసేపటికే గాలి పీల్చింది. పక్క గనిలో మాత్రం పైపు రాత్రింబవళ్లు వంకలోకి నీళ్లు పోస్తూనే ఉంది.

రాతికట్టర్:
250 యాడ్నుంచి వచ్చిందన్నా? ఇళ్లకు, గనికి మధ్య పేలుళ్లుంటే 200 మీటర్లు, లేకుంటే 100 అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అంది. మన నాపరాయిని మిషన్‌తో కోస్తారు, పేల్చరు. 100 చాలు.

పెన్నాగట్టు:
ఆ లెక్క దుమ్ముకు, అదురుకు, ఎగిరిపడే రాళ్లకు. నీళ్లకు కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి తవ్వొద్దంటుంది. రైతు బోరుకే అంత కట్టడి ఉంటే, బావికంటే లోతుగా ఎకరాలకొద్దీ తవ్వే గుంతకు ఎందుకుండదు? మన నాపరాయి అంటే నార్జి సున్నపురాయి, పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్లు నిలిచేది ఆ పొరల సందుల్లో, నెర్రెల్లో. గని కిందికి దిగి మోటార్లతో తోడితే సందుల్లో నీళ్లన్నీ అటే పోతాయి.

రాతికట్టర్:
చట్టంలో ఉన్నది ప్రజల తాగునీటి వనరు. మీ ఇంటి బావి కాదు.

సీమబిడ్డ:
ఫోటో ఉంటే పెట్టన్నా.

తాడిపత్రి_వాసి:
మా వైపూ ఇదే గోస. పాలిష్ యూనిట్ల స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన బురద నీళ్లు, వంకలో పోస్తారు. ఎండాక సిమెంటు పూసినట్టు గట్టిపడుతుంది, వాన పడినా ఇంకదు.

పెన్నాగట్టు:
రాతికట్టర్ గారూ, గని మీదైతే నేరుగా చెప్పండి. మాటిమాటికీ 100 అంటున్నారు.

రాతికట్టర్:
నాకు గని లేదు. సెంటు భూమి లేదు. కట్టర్ మీద కూలి చేసుకునేవాణ్ణి. పోయినేడు మా గని ఆగిపోతే ఇంటిల్లిపాదీ ఊరు విడిచి పోయినాం. అప్పుడు ఏ సమావేశమూ మా గురించి మాట్లాడలేదు. గనులకు భూములు గుత్తకిచ్చింది ఎవరు? మీ ఇంటివాళ్లు కాదా? ఆ డబ్బులు తీసుకున్నప్పుడు బావి గుర్తుకు రాలేదా?

పెన్నాగట్టు:
మా పెదనాయన ఇచ్చినాడు, నిజమే. ఆ గని అంచున నిలబడి చూశా కాబట్టే ఎంత లోతు పోయిందో తెలుసు.

కొత్తకోడలు:
అన్నలిద్దరూ బావి, కూలి అంటున్నారు. మాకు రెండూ లేవు, పంచాయతీ బోరే దిక్కు. గని దగ్గరపడ్డాక బిందెలో నీళ్లు తేరుకున్నాక అడుగున తెల్లటి పొడి నిలుస్తాంది. వేలితో రుద్దితే గరగరలాడుతుంది. ఆ బోరు ప్రజల వనరు అవునా కాదా? నాకు జవాబు కావాలి.

రాతికట్టర్:
అవును చెల్లీ. దానికి 250 ఉండాల్సిందే, నేను కాదనను. కానీ ఇంటి బావులన్నిటికీ అంటే ఊరి చుట్టూ ఒక్క గనీ మిగలదు. 2015లో వచ్చిన, గనులవాళ్లు డబ్బు కట్టే జిల్లా ఖనిజ నిధి ఖర్చుల్లో తాగునీటిది ముందు వరుస. దాంతో పైపులు వేయించమని అడగండి.

పెన్నాగట్టు:
పైపు వచ్చేదాకా ఏం తాగాలి? వచ్చినా, ఎండిపోయిన బావిలోకి నీళ్లు తిరిగొస్తాయా? దూరం ఒక్కటే చాలదని నాకూ అనిపిస్తోంది. గని బావి మట్టం దాటి దిగకూడదని, తోడే నీళ్లకు మీటరు పెట్టాలని కూడా తీర్మానంలో రాయాలి.

రాతికట్టర్:
లోతుకు హద్దు పెడితే పని సగమవుతుంది. ఆగిపోయే రోజులకు కూలి ఎవరిస్తారో అది కూడా రాయండి. రాస్తే సమావేశం దగ్గరికి మా కట్టర్ వాళ్లందరినీ తీసుకొచ్చి మద్దతిస్తా. రాయకపోతే అదే జనంతో ఎదురు నిలబడతా.

కొత్తకోడలు:
ముందు పంచాయతీ బోరు పేరు మొదటి వాక్యంలో రాయండన్నా. మిగతాది తర్వాత కొట్లాడుకుందాం.