మిథిలిన్ బ్లూ తెల్లబడింది, నాన్న తొట్టి నీళ్లు మాత్రం మారలేదు

మంగళగిరి అమ్మాయి:
నమస్కారం అండీ. నాన్న నూలుకు రంగులు అద్దుతారు. మా ఇంటి వెనక మురుగు కాలవ ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టుకి టైటానియం డయాక్సైడ్ (ఎండ తగిలితే రంగును విరగ్గొట్టే తెల్ల పొడి) తీసుకున్నది అందుకే.

డాబా మీద స్టీలు పళ్లెంలో అర లీటరు మిథిలిన్ బ్లూ (ల్యాబుల్లో వాడే నీలం రంగు) నీళ్లు పోసి, అర గ్రాము పొడి కలిపి, పదింటి నుంచి రెండింటి దాకా ఎండలో పెట్టాను. నీలం పోయింది. ఎంత సంబరపడ్డానో! మర్నాడు నాన్న తొట్టిలోని ఎర్ర రియాక్టివ్ రంగు (నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయే రకం) నీళ్లతో అదే పని చేశాను. రోళ్లు పగిలే ఎండ. అయినా సాయంత్రానికి చిక్కటి దానిమ్మ రసంలా అలాగే ఉంది. పొడిలో లోపమా?

బెజవాడ ల్యాబ్ మనిషి:
పొడి మంచిదే అమ్మా. అనటేజ్ (మీ టైటానియం డయాక్సైడ్ రకం) పని చేయాలంటే సుమారు 387 నానోమీటర్ల లోపు కాంతి, అంటే అతినీలలోహిత కాంతి కావాలి. ఎండలో అది నాలుగైదు శాతమే. ఆ కాస్తనీ చిక్కటి రంగే మింగేస్తుంటే పొడిదాకా చేరేదెంత?

అసలు చిక్కు అద్దకంలో వేసే సోడాలో (సోడియం కార్బొనేట్) ఉంది. అద్దకం నీళ్ల పీహెచ్ 10 దాటి, బాగా క్షారంగా ఉంటుంది. అక్కడ పొడి రేణువుల మీద ఋణావేశం, రియాక్టివ్ రంగుదీ ఋణావేశమే. దగ్గరికే రానివ్వదు. మిథిలిన్ బ్లూది ధనావేశం కాబట్టి వచ్చి అతుక్కుంది. పైగా ఎండలో పొడి పుట్టించే, రంగును విరగ్గొట్టాల్సిన హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను కార్బొనేట్ తినేస్తుంది. పది రెట్లు పలచన చేసి, ఆమ్లం చుక్కచుక్కగా వేసి (పొంగుతుంది, జాగ్రత్త) పీహెచ్ 4కి దించి చూడండి.

ఎన్విరాన్‌మెంటల్ కుర్రాడు:
అక్కా, ఆ మిథిలిన్ బ్లూ ఫలితాన్ని కూడా అప్పుడే నమ్మకండి. పొడికి అంటుకుపోయినా నీళ్లు తేటపడతాయి. ఒక పళ్లెం మూతపెట్టి, ఒకటి పొడి లేకుండా ఎండలో పెట్టండి. ఇంకోటి, రంగునిచ్చే అజో బంధం (రెండు నైట్రోజన్ల జోడీ) తెగగానే రంగు పోతుంది, బెంజీన్ వలయాలు మాత్రం నీళ్లలోనే ఉంటాయి. ముందూ వెనకా సీఓడీ (నీళ్లలో మిగిలిన సేంద్రియ మలినాల కొలత) చూడకుండా శుభ్రమైందని రాయొద్దు.

మంగళగిరి అమ్మాయి:
ఆదివారం ఎర్ర నీళ్లతో మూడు పళ్లేలూ పెట్టాను. పీహెచ్ 4 దగ్గర, పొడి వేసి ఎండలో పెట్టింది రెండింటికి పలచటి టీ రంగుకొచ్చింది. మూతపెట్టిన దాంట్లో కొంచెం తగ్గి, అడుగున పొడి గులాబీ రంగులో పేరుకుంది. పొడి లేనిది పెట్టినట్టే ఉంది. సీఓడీకి సీసాలు రేపు ఇస్తాను.

నాన్న వచ్చి చూసి రెండే అడిగారు. అద్దకంలో వేసే ఉప్పు పోతుందా అని ఒకటి. పోదని చెప్పాను. ఈ తెల్ల పొడిని మళ్లీ ఎలా పట్టుకుంటావు అని రెండోది. ఫిల్టర్ పేపర్లోంచి పాలలా దిగిపోతోంది. గాజు పలకల మీద అంటించి, పైనుంచి నీళ్లు పారించి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్నాళ్లకు ఊడిపోయింది?