పార్వతి పెళ్లికి అసలు అడ్డు ఎవరు?

ప్రశ్న:

వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో 1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రాన్ని ఇటీవల మళ్లీ చూసి, ఆ వెంటనే శరత్‌చంద్రుని నవలకు చక్రపాణి గారు చేసిన తెలుగు అనువాదాన్ని కూడా చదివాను. దేవదాసు, పార్వతి ఇద్దరూ పక్కపక్క ఇళ్లలో పుట్టి, ఒకే బడిలో చదివి, తోటల్లో చెరువు గట్ల మీద కలిసి తిరిగినవారే. ఇద్దరూ బ్రాహ్మణులే. పార్వతి అంటే దేవదాసు తల్లికి అభిమానం కూడా ఉంది. అయినా పెళ్లి ఎందుకు జరగలేదు? పెద్దలు కుదిర్చిన సంబంధం చిన్ననాటి ప్రేమను బలి తీసుకుందని అందరూ అంటారు గాని, నవల చదివాక అంత తేలిగ్గా ఆ మాట అనలేకపోతున్నాను. ఆస్తుల్లో తేడా అన్న సమాధానంతోనూ తృప్తి కలగలేదు. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:

ఆస్తి ఒక్కటే కాదండీ. పార్వతి నాయనమ్మ వచ్చి పెళ్లి మాట కదిపినప్పుడు దేవదాసు ఇంట్లో వినిపించిన అభ్యంతరాలు రెండు. ఒకటి, పార్వతి వాళ్లది ఆడపిల్లను ఇచ్చి డబ్బు పుచ్చుకునే వంశం. రెండోది, పక్కింటి వాళ్లతో వియ్యమేమిటన్న చిన్నచూపు. మొదటి అభ్యంతరం బరువు తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన గురజాడ వారి ‘కన్యాశుల్కం’ ఆ ఆచారం మీదే కదా. బెంగాలులో అలాంటి ఇంటి పిల్లను చేసుకోవడం దేవదాసు తండ్రి, జమీందారు నారాయణ ముఖర్జీకి తలవంపులు. ఇక పార్వతి తండ్రి నీలకంఠ చక్రవర్తి మాత్రం ఊరుకుంటాడా? అవమానం భరించలేక, వాళ్లకన్నా గొప్ప ఇంటికే పిల్లనిస్తానని పంతం పట్టి, ఎదిగిన పిల్లలున్న రెండో పెళ్లివాడైనా సరే, హాతీపోత జమీందారు భువన్ చౌధురి సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. ఇద్దరు తండ్రులూ తమ పరువు సంగతి చూసుకున్నారే తప్ప, పిల్లల మధ్య ప్రేమ ఉందో లేదో విచారించి కాదనలేదు. కాబట్టి పెళ్లి ప్రేమ మీద కక్షతో వచ్చింది కాదు. అసలు ప్రేమ వాళ్ల లెక్కలోనే లేదు.

రెండవ సమాధానం:

పై వారు చెప్పిన నేపథ్యం నిజమే గాని, తప్పంతా తండ్రుల మీదికి నెట్టేస్తే దేవదాసుకు అనవసరంగా క్షమాపణ దొరుకుతుంది. అర్ధరాత్రి ఒంటరిగా అతని గదిలోకి వెళ్లి, పరువును పణంగా పెట్టి, తన మనసులో మాట అడిగినది పార్వతి. ఆ సాహసం ముందు అతనికి తోచింది ఏమిటి? ఎవరైనా చూస్తే ఏమవుతుందన్న భయం! తండ్రి కసురుకోగానే కలకత్తాకు చేరుకుని, నిన్ను అంతగా ప్రేమించినట్టు నాకెన్నడూ అనిపించలేదన్న అర్థం వచ్చే ఉత్తరం రాశాడు. నా దృష్టిలో ఈ కథలో పెళ్లిని ఖాయం చేసినది ఆ ఉత్తరమే. దాన్ని పంపిన తరువాత పశ్చాత్తాపపడి తిరిగి వచ్చాడు గాని, అప్పటికి పార్వతి ఆత్మాభిమానం గట్టిపడింది. మీ తల్లిదండ్రులకు పరువున్నట్టే మా వాళ్లకూ ఉంటుందని చెరువు దగ్గర ఆమె నిలదీసినప్పుడు, జవాబు చెప్పలేక చేతిలోని గాలపు కర్రతో నుదుటి మీద కొట్టాడు. చిన్నప్పుడు కొట్టిన చెయ్యే అది. ఆ చనువును ప్రేమగా పొరబడే అలవాటు పాఠకులకే కాదు, పార్వతికీ ఉందని నాకు అనిపిస్తుంది, బహుశా కొందరికి ఈ మాట రుచించదు.

మూడవ సమాధానం:

నాకు రుచించలేదు, కారణం చెబుతాను. నవలలో పెళ్లి నాటికి పార్వతికి 13 ఏళ్లు, దేవదాసుకు 19. బాలికల కనీస వివాహ వయసును 14గా నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చింది. నవల అచ్చయిన 1917 నాటికి అలాంటి కట్టుబాటే లేదు. తెరపై నాగేశ్వరరావు గారిని, సావిత్రి గారిని చూసిన కళ్లతో మనం వాళ్లను పెద్దవాళ్లుగా తూచుతున్నాం. తండ్రి పంపిన డబ్బుతో చదువుకుంటున్న కుర్రవాడు ఆయనను ఎదిరించి ఎక్కడ కాపురం పెట్టగలడు? పిరికితనం ఉంది, కాదనను. కాని నిలబడడానికి కాలికింద నేల కూడా ఉండాలి.

పెళ్లి తరువాతి పార్వతి గురించి ఎవరూ మాట్లాడలేదు. తండ్రి రెండో పెళ్లి చేసుకున్నాడని కోపంతో పుట్టింటికి రాని సవతి కూతురు యశోదను రప్పించి, తన నగలన్నీ తీసి ఆమెకు పెట్టి, మనసు గెలుచుకుంది. భర్త, సవతి కొడుకు మహేంద్రుడు, బంధువులు, ఇంటి నౌకర్లు అందరూ ఆమెను గౌరవించారు. అంటే ఆ సంబంధం లోకం దృష్టిలో విఫలం కాలేదు. అయినా దేవదాసు పాడైపోతున్నాడని తెలిసినప్పుడు సేవ చేసుకోవడానికి తన దగ్గరకు రమ్మని అతని చేత మాట తీసుకుంది. ఇంత చక్కగా కాపురం చేస్తూ కూడా ఆమె మనసు అక్కడే ఉండడం, ఆమెను దుఃఖంతో కుమిలిపోయే స్త్రీగా చూపడం కన్నా నాకు పెద్ద విషాదం.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పరువు గురించి చెప్పినది నా సందేహాన్ని చాలావరకు తీర్చింది. ఉత్తరం విషయంలో రెండవ వారితోను, వయసు విషయంలో మూడవ వారితోను ఏకీభవిస్తున్నాను. రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నాకు తోచడం లేదు. ఒక్క సంగతి మాత్రం చేరుస్తాను. ఇంత పెళ్లి చర్చలో పార్వతి మనసులో ఎవరున్నారో నోరు తెరచి అడిగినది స్నేహితురాలు మనోరమ. అతను కాదంటే ఏం చేస్తావని కూడా ఆమే అడిగింది. ఆ ప్రశ్న వేయవలసిన పెద్దలలో ఒక్కరికీ అది తోచలేదు.